ప్లాస్టిక్ తొడిగిన వీలునామా

"అది మా అత్త ఏలిముద్ర కాదు. కానే కాదు."

పొద్దుటినుంచి ఉషారాణి అదే మాట మీద నిలబడి ఉంది. పుంగనూరు ఇంటి ముందుగదిలో పిండి మిషను ఆగిపోయింది. రాగులు, బియ్యం ఆడించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలో కాసేపు నిలబడి, లోపలి గొంతులు విని, డబ్బాలు అక్కడే పెట్టి జారుకున్నారు.

మిషను పక్కన చెక్కబల్ల మీద ఆ కాగితం ఉంది. రెండు వైపులా ప్లాస్టిక్ అతికించి ఉండటంతో కిటికీ ఎండకు గాజుపెంకులా మెరుస్తోంది. మొన్న వేసవిలో పోయిన అత్త గురమ్మ వీలునామా అది. ఈ ఇల్లు, ముందుగదితో సహా, చిన్నకోడలు ఇందు పేరిట ఉండాలని అందులో ఉందట. నిన్న సాయంత్రం మరిది ప్రదీప్, అతని భార్య ఇందు కుప్పం నుంచి వచ్చి చదివి వినిపించారు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరి గొంతులోకీ ముద్ద దిగలేదు.

"కాదంటే ఎట్లొదినా?" ప్రదీప్ గోడకు ఆనుకుని అన్నాడు. "అమ్మ తన చేత్తో నాకిచ్చింది. నువ్వు చూడకపోతే లేకుండా పోతాదా?"

"నీకు ఏల ఇచ్చింది? ఆయమ్మను ఎత్తి దించింది నేను. నీళ్ళు పోసింది నేను. సంగటి మెత్తగా పిసికి నోట్లో పెట్టింది నేను. కాగితం మాత్రం కుప్పానికి పోయిందా? నడిసి పోయిందా, బస్సెక్కి పోయిందా?"

"గమ్మునుండు ఉషా," అన్నాడు ఆమె భర్త రాజేంద్ర. "ఈదిలో జనమంతా వింటాండారు."

"విననీ. నేనేమన్నా దొంగ కాగితం పుట్టిచ్చినానా, నోరు మూసుకునేదానికి?"

ఆ మాటకు ప్రదీప్ గోడ వదిలి ముందుకు వచ్చాడు. "ఎవురు పుట్టిచ్చినారు? ఆ మాట మళ్ళీ అను వదినా."

"రేయ్, కూర్చోరా," అన్నాడు రాజేంద్ర.

ఇందు మాత్రం మాట్లాడలేదు. గడప మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళకు అంటిన పిండిని గోటితో దులుపుకుంటోంది. ఉషారాణికి ఒళ్ళు మండేది దాని నోటికి కాదు, దాని మౌనానికే. అరిస్తే అరవొచ్చు. తిడితే తిట్టొచ్చు. నోరు మెదపని మనిషిని ఏం చేస్తాం?

కుప్పంలో ఏదో ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం ఇందుది. నెలకోసారి వచ్చేది. వచ్చినప్పుడు బత్తాయిలు తెచ్చేది. గంటసేపు అత్త మంచం పక్కన కూర్చుని తొనలు వలిచి పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. ఆ పళ్ళ తొక్కలను గురమ్మ పారేయనిచ్చేది కాదు. దిండు పక్కన పెట్టుకుని రెండు రోజులు వాసన చూసుకునేది. ఏడాది పొడుగునా ఉషారాణి వండిన అన్నానికి లేని వాసన ఆ తొక్కలకు ఉండేది.

"వచ్చినావా బిడ్డా," అనేది అత్త ఇందును చూస్తే. ఉషారాణిని మాత్రం "ఏమే" అనేది. "ఏమే, నీళ్ళు." "ఏమే, ఈపు గోకు." బిడ్డకూ ఏమేకూ మధ్య ఉన్న దూరం ఎంతో ఆ ఇంట్లో ఉషారాణికి ఒక్కదానికే తెలుసు.

"చౌడేపల్లె కాడ చేను మీకు రాసిచ్చె కదా అమ్మ," అన్నాడు ప్రదీప్ కాస్త తగ్గి. "టమోటా మీద పోగొట్టుకుని అన్న దాన్ని అమ్మేసె. ఇల్లు కూడా అట్లే పోతాదని అమ్మకు బయం. అందుకే..."

రాజేంద్ర తల వంచుకున్నాడు.

"చేను అమ్మింది నేనా?" ఉషారాణి గొంతు ఒక్కసారిగా సన్నబడింది. "ఆయప్ప అమ్మితే నన్నా ఇంట్లోనుంచి ఎల్లగొట్టేది?"

"ఎవురూ నిన్ను పొమ్మనలేదు వదినా. నీ మిషను నీదే. నువ్వు ఈడే ఉండు."

"ఉండమని చెప్పే పెత్తనం నీ పెండ్లానికొచ్చింది సూడు, అది సాలు నాకు."

ఇందు అప్పుడు తలెత్తింది. "అక్కా, నీకు నమ్మకం లేకుంటే ఎవురికన్నా చూపిద్దాం. దొంగదని తేలితే నేనే చించేస్తా."

ఇంత తేలిగ్గా అంటుందని ఉషారాణి అనుకోలేదు. ఆ తేలికతనం కూడా ఆమెకు గుచ్చుకుంది. ఉన్నవాళ్ళకే అంత నిబ్బరం ఉంటుంది.

మదనపల్లెలో భీమరావు ఉన్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి, రిటైరయ్యాక ఇంట్లోనే దస్తావేజులు రాస్తున్నాడు. చుట్టుపక్కల ఎవరి కాగితం మీద ఎవరికి అనుమానం వచ్చినా ఆయన ముందు పెడతారు. ఆయన దగ్గరికి వెళ్దామని రాజేంద్ర అన్నాడు. అంతవరకు అందరూ ఒప్పుకున్నారు. కాగితం ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర మళ్ళీ గొడవ మొదలైంది.

"నాకాడ ఉంటాది," అన్నాడు ప్రదీప్.

"దారిలో మారిస్తే?" అన్నది ఉషారాణి.

"నీ చేతికిస్తే కిటికీలోనుంచి పారేస్తావు."

చివరికి కాగితం ఇందు సంచిలోకి, ఇందు పక్కసీటు ఉషారాణికి వచ్చాయి. మగవాళ్ళిద్దరూ బస్సులో వెనక ఎక్కడో నిలబడ్డారు.

ఇందు సంచిని ఒళ్ళో పెట్టుకుంది. ఉషారాణి దారి పొడుగునా ఆ సంచినే చూసింది. చూస్తూ చూస్తూ సంచి మీద ఉన్న చేతులను కూడా చూసింది. సన్నటి వేళ్ళు. గోళ్ళకు లేత రంగు. ఎక్కడా కాయలు లేవు, మచ్చలు లేవు. తన కుడిచేతిని ఆమె కొంగు కిందికి లాక్కుంది. ఆ చేతి ఉంగరపు వేలు కొస పిండి మిషను బెల్టులో పోయింది. ఏటవాలుగా తెగి, ఒకవైపు మొండిగా మిగిలింది. ఆ రోజు గురమ్మ గుప్పెడు పసుపు ఆ గాయం మీద వేసి గట్టిగా పట్టుకుని, "ఏడవద్దే, ఏడవద్దే" అంటూ తానే ఏడ్చింది. అదొక్కటే ఉషారాణి దగ్గర మిగిలిన అత్త ప్రేమ. దాన్ని ఎవరికీ చూపించడానికి ఉండదు, ఏ ఆఫీసులోనూ రాయించడానికి ఉండదు.

"జామకాయ తింటావా అక్కా?" అన్నది ఇందు. బస్సులో అమ్మకానికి వచ్చిన కాయలు కొన్నది.

"నాకు పండ్లు నొప్పి."

ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగింది. "అక్కాచెల్లెండ్లా మా మీరు?"

"అవునమ్మా," అన్నది ఇందు.

"కాదు," అన్నది ఉషారాణి.

రెండు మాటలూ ఒకేసారి పడ్డాయి. ముసలామె బోసినోటితో నవ్వింది. "అట్లయితే యారాండ్లే! ఒక మాట మీద నిలబడని ఆడోళ్ళంటే తోడికోడండ్లే కదా."

ఇందు కూడా నవ్వింది. ఆ నవ్వులో కలవాలని ఉషారాణి పెదవులు ఒక క్షణం కదిలాయి. సంచి గుర్తొచ్చి ఆగిపోయాయి.

*

భీమరావు ఇంటి ముందు వసారాలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల ఉంది. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు. మొదట ముందువైపు చూశాడు. తర్వాత వెనక్కి తిప్పాడు. వసారా అంచుకు వెళ్ళి వెలుతురుకు ఎత్తిపట్టాడు. ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"లామినేషన్ ఎవురు చేయించినారయ్యా?"

"నేనే సార్," అన్నాడు ప్రదీప్ గర్వంగా. "అమ్మ ఇచ్చిన వారంలోనే కుప్పంలో జిరాక్సు షాపులో చేయించినా. చెదలు పట్టకుండా, తడవకుండా. ఎవురూ అక్షరం దిద్దకుండా."

"బాగా కాపాడినావు. పరీక్ష చేసేదానికి లేకుండా కాపాడినావు."

ప్రదీప్ మొహం వాడిపోయింది.

"ఇట్లా రా, చూడు. ఏలిముద్రలో గీతలు కనపడాల. వేడి తగిలి సిరా కొంచెం పాకింది, గీతలు కలిసిపోయినాయి. పైగా సిరా కాగితంలో దిగిందా, పైపైన అచ్చు వేసిందా అనేది కాగితాన్ని ముట్టుకుంటే కదా తెలిసేది? నేనిప్పుడు ప్లాస్టిక్‌ను ముట్టుకుంటాండా. పీకితే కాగితం కూడా దానితోనే వస్తాది. పెద్ద లేబ్‌కు పంపినా వాళ్ళూ ఇదే అంటారు."

ఉషారాణి గుండెలో ఏదో తీయగా కదిలింది. దాన్ని దాచుకోవడానికి గోడమీది క్యాలెండరు వైపు చూసింది.

"స్టాంపు పేపరు అసలుదేనా సార్?" రాజేంద్ర అడిగాడు.

"ఎనక అమ్మినాయన ముద్ర, సంతకం ఉండాది. మీ అమ్మ పేరు ఉండాది. పేపరు అసలుదే అనిపిస్తాంది. అయితే పేపరు అసలుదైనంత మాత్రాన రాత అసలుదని చెప్పలేం. పాత పేపర్లు తెల్లగా పెట్టుకుని అమ్మేవాళ్ళు ఉండారు. సాక్షులు ఎవురు? వెంకటస్వామి..."

"ఆయప్ప పోయి చాన్నాళ్ళయింది," అన్నాడు రాజేంద్ర.

"రెండో ఆయన మునెయ్య, బైరెడ్డిపల్లె."

"మా మేనమామ సార్," అన్నాడు ప్రదీప్. "మనిషి ఉండాడు. మొన్న పోతే నన్నే 'ఎవుర్రా నువ్వు' అన్నాడు. ఎవురినీ గుర్తు పట్టడంలా."

భీమరావు కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. "అంటే చెప్పే మనిషి లేడు. కాగితమేమో నోరు మూసుకుంది. కోర్టుకు పోతే పెద్దావిడ కాదనొచ్చు, చిన్నావిడ అవుననొచ్చు. ఏండ్లు పడతాది."

"సూసినావా?" ఉషారాణి ఇందు వైపు తిరిగింది. "నేను చెప్పలా? మా అత్త అట్లా రాసే మనిషి కాదు. ఆయమ్మకు తెలుసు ఇల్లు ఎవురు ఊడ్చినారో."

"అక్కా, అత్త రాసింది నిజం."

"నీకెట్లా తెలుసు? నువ్వు సూసినావా?"

ఇందు కళ్ళు ఒక క్షణం ఉషారాణి మొహం మీద ఆగి, కిందికి దిగాయి.

అప్పుడే రాజేంద్ర ఫోను మోగింది. మార్కెట్ యార్డు నుంచి ఎవరో. అతను మాట్లాడుతూ వీధిలోకి వెళ్ళాడు.

భీమరావు సొరుగు లాగి చేతిలో ఇమిడే చిన్న లైటు ఒకటి తీశాడు. "ఇంకొకటి చూస్తా. దొంగనోట్లు కనిపెట్టేదానికి అంగళ్ళలో పెడతారే, ఆ నీలం లైటు ఇది. రాతను మందు పెట్టి చెరిపి మళ్ళీ రాసింటే, ఆ చోటు వేరే రంగులో కనపడతాది. తలుపు మూయండమ్మా. కిటికీ కూడా."

అందరూ వసారాకు ఆనుకుని ఉన్న గదిలోకి వెళ్ళి తలుపులు మూశారు. మధ్యాహ్నపు ఎండంతా బయట ఉండిపోయింది. నీలం వెలుగు కాగితం మీద మెల్లగా జరిగింది. పేరు మీద, ఇంటి హద్దుల మీద, వేలిముద్ర మీద. ఎక్కడా మచ్చ లేదు.

"చెరిపిన గుర్తులు లేవు," అని గొణిగాడు భీమరావు. లైటును అంచుల వైపు తిప్పాడు. "అరే, ఇదేంది?"

కాగితం మూల ఒకటి వెలిగింది. పచ్చగా, మిణుగురు వెలిగినట్టు. లైటు జరిపాడు. రెండో మూల. మూడోది. నాలుగోది. నాలుగు మూలలా నాలుగు చుక్కలు.

"పసుపు," అన్నాడు భీమరావు. ఆయన గొంతులో ముచ్చట ధ్వనించింది. "కాగితమే ఏండ్లు గడిచి పచ్చబడింది కదా, మామూలు వెలుతురులో అందులో కలిసిపోయింది. ఈ లైటుకు పసుపు దాగదు. మీ ఇంట్లో కాగితాలకు పసుపు పెట్టే అలవాటు ఉండాదా?"

"ఉండాది సార్," అన్నాడు ప్రదీప్ ఆత్రంగా. "ఏ కాగితం ఇంట్లోకొచ్చినా నాలుగు మూలలా పసుపు పెడితేనే పెట్టెలో పెట్టేది. కరెంటు మీటరు కాగితానిక్కూడా పెట్టించింది మా అమ్మ."

"ప్లాస్టిక్ కింద ఉండాది పసుపు. అంటే మీ అమ్మ నీకియ్యక ముందే, ఆ ఇంట్లోనే పెట్టినారు. ఆ పసుపు పెట్టిన మనిషి ఈ కాగితాన్ని మీ అమ్మ చేతిలో చూసిన మనిషే కదా? ఆ మనిషి చెప్తే సాక్షి ఉన్నట్టే." ఆయన తల ఇంకా వంచాడు. "చుక్కలు మాత్రం గుండ్రంగా లేవు. ఒకపక్క కోసినట్టు ఉండాయి. నాలుగూ అట్లే ఉండాయి."

"పురుగు కొట్టిందేమో సార్."

"పురుగు నాలుగు మూలలూ ఒకే మాదిరి కొడతాదా?"

ఉషారాణి చూసింది. నాలుగు అర్ధచంద్రులు.

ఆమె కుడిచేతి ఉంగరపు వేలు తనంతట తానే అరచేతిలోకి ముడుచుకుంది.

కొన్నేళ్ళ కిందట ఒక శుక్రవారం పొద్దున. వంటింట్లో పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. "ఏమే, ఇట్లా రా," అని అత్త పిలిచింది. మంచం మీద కాగితం ఉంది. తలుపు దగ్గర ఇందు కూర్చుని బత్తాయి వలుస్తోంది. "దీనికి పసుపు పెట్టు. పెద్దకోడలి చెయ్యి పడాల." ఆ మాట విని ఉషారాణి ఛాతీ ఎంత పొంగింది! ఇందు అక్కడే ఉంది. చదువుకున్నది, ఉద్యోగం చేసేది, బిడ్డ అనిపించుకునేది. అయినా పిలిచింది ఆమెను కాదు. పసుపు గిన్నె తెచ్చి, ఇందు కళ్ళకు కనపడేట్టు పక్కకు తిరిగి, ఒక్కొక్క మూలా తీరిగ్గా అద్దింది.

కాగితంలో ఏముందో ఉషారాణికి తెలియదు. ఆమెకు చదువు రాదు; పెళ్ళప్పుడు అయిదు చదివిందని పుట్టింటివాళ్ళు చెప్పిన మాటనే అత్తింట్లో నమ్ముతూ వచ్చారు. రాదన్న సంగతి ఇందు ముందు బయటపడటం ఇష్టం లేక కాగితాన్ని ఎత్తి పట్టుకుని, పైనుంచి కిందికి కళ్ళు తిప్పి, అంతా చదివినట్టు తల ఊపింది.

అత్త ఆమె మొహంలోకే చూస్తూ ఉండింది. "ఏమీ అడగవేమే?" అన్నది.

"అడిగేదేముండాది? అంతా ఉండాది కదా," అన్నది ఉషారాణి దర్జాగా.

అత్త ఇంకేదో చెప్పబోయి ఆగింది. కాగితం తీసుకుని, ఆ చుక్కల మీద నోటితో ఊది ఆరబెట్టింది.

చదివిందనే అనుకుంది అత్త. చదివి ఒప్పుకుందని. పెద్దకోడలు తెలిసే, తన చేత్తోనే పసుపు పెట్టిందని నమ్మి, ఆ మనిషి నిమ్మళంగా కన్ను మూసింది.

"ఎవురమ్మా మీ ఇంట్లో పసుపు పెట్టేది?"

భీమరావు అడుగుతున్నది తననే అని ఉషారాణికి ఆలస్యంగా తెలిసింది. చీకట్లో ఆ నాలుగు చుక్కలు ఇంకా వెలుగుతున్నాయి. గడప ఊడ్చింది తాను. మిషను నడిపింది తాను. ఒక్కమాట అంటే అదంతా ఇందుది అయిపోతుంది. తన వేలే తన ఇంటిని తీసుకెళ్ళి యారాలి కొంగున ముడేస్తుంది.

"మా అత్తే," అన్నది ఉషారాణి. "ఆయమ్మే పెట్టేది."

ప్రదీప్ ఏదో అనబోయాడు. "అమ్మనా? కాదే, నువ్వే కదా వదినా..."

"నువ్వు కుప్పంలో ఉండి సూసినావా? కొన్ని నేను పెట్టింటా. కొన్ని ఆయమ్మ పెట్టుకుంది."

ప్రదీప్ సాయం కోసం భార్య వైపు చూశాడు. "ఇందూ, నీకేమన్నా తెలుసా?"

చీకట్లో ఇందు మొహం కనపడలేదు. ఊపిరి మాత్రం వినపడింది. "అక్కకే బాగా తెలుసు," అన్నది.

*

తలుపులు తెరిచాక వెలుతురుకు అందరూ కళ్ళు చికిలించారు. రాజేంద్ర వీధిలోనుంచి వచ్చి, "ఏం తేలింది?" అన్నాడు.

"తేలలేదు," అన్నాడు భీమరావు. కాగితాన్ని ఇందు చేతికిచ్చాడు. "ఆ చుక్కలు నాకింకా అంతుబట్టలేదు. ఇంట్లో వాళ్ళు కూర్చుని ఆలోచించుకోండి. కాగితం అబద్ధం చెప్పదమ్మా. మనం దాని మాట వినేదానికి ఆలస్యం చేస్తాం, అంతే."

తన మాట తనకే బాగుందనిపించిందేమో, ఆయన తల ఊపుకున్నాడు. ఉషారాణికి మాత్రం ఆ మాట నడినెత్తిన పడింది.

ఆమె చెప్పుల కోసం తొందరపడింది. ఈ ఇంట్లోనుంచి బయటపడితే చాలు. బస్సెక్కి, ఇంటికి పోయి, మిషను వేసి, ఆ మోతలో కాసేపు ఏమీ వినపడకుండా నిలబడాలి. గెలిచినట్టే ఉంది. కాదని ఎవరూ నిరూపించలేరు.

అసలు ఇందు ఎందుకు ఊరుకుంది? ఆ రోజు తలుపు దగ్గరే కూర్చుంది. అన్నీ చూసింది. ఒక్కమాట చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పకుండా తన మీద జాలి పడిందా? ఆ ఆలోచన రాగానే ఉషారాణికి మళ్ళీ మండుకొచ్చింది. అత్త ప్రేమ చాలలేదు, ఇల్లు చాలలేదు, ఇప్పుడు మంచితనం కూడా దానికేనా?

"ఉండండమ్మా, ఆడబిడ్డలు బొట్టు పెట్టుకోకుండా పోతారా?"

భీమరావు భార్య సుబ్బలక్ష్మమ్మ లోపలినుంచి పళ్ళెం తెచ్చింది. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, రెండు చిన్న గిన్నెలు. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో కుంకుమ. కుంకుమను నూనెతో తడిపి ఉంది.

సుబ్బలక్ష్మమ్మ ఇందు నుదుట బొట్టు పెట్టబోయింది. ఇందు మెత్తగా ఆమె చెయ్యి ఆపింది.

"మా అక్క పెడతాదమ్మా. మా ఇంట్లో పెద్దకోడలి చెయ్యే పడాల."

"అదీ మంచిదే," అంటూ సుబ్బలక్ష్మమ్మ పళ్ళేన్ని ఉషారాణి ముందుకు జరిపింది.

ఉషారాణి కదలలేదు. ఇందు ఎదురుగా వచ్చి నిలబడింది. నుదుటి మీద పడిన వెంట్రుకలను పక్కకు తోసుకుని, మొహాన్ని కొంచెం పైకెత్తింది. విశాలమైన నుదురు. రాయని కాగితంలా ఉంది.

"పెట్టక్కా. బస్సుకు టైమవతాంది."

"నువ్వే పెట్టుకో."

"నీ చేత్తో పెట్టు. ఉంగరపు ఏలితో." ఇందు గొంతు ఇంకా తగ్గింది. ఉషారాణికి తప్ప ఎవరికీ వినపడనంత తగ్గింది. "ఆ పొద్దు నీ చెయ్యి పడాలని అత్త ఎందుకనిందో, బస్సులో చెప్తామనుకున్నా. నువ్వు నాతో మాట్లాడితే కదా."

ఆ కళ్ళల్లో పన్నాగం ఉందా, ప్రాధేయపడటం ఉందా? ఉషారాణి వెతికింది. ఇన్నేళ్ళుగా ఆ మొహంలో తనకు లేనిదాన్నే చూసింది తప్ప, ఉన్నదాన్ని చూడలేదు. ఇప్పుడు చూడాలంటే తెలియడం లేదు.

చూపుడు వేలితో పెడితే ఎందుకలా పెట్టావని అడుగుతారు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. ఆమె అరచేతిలో దాచుకున్న మొండివేలు మెల్లగా విచ్చుకుంది. కుంకుమలో మునిగింది. తడిగా, ఎర్రగా, ఒకపక్క కోసినట్టున్న కొసతో పైకి లేచింది.

ఇందు కళ్ళు మూసుకుంది.

బల్ల దగ్గర సర్దుకుంటున్న భీమరావు, నుదుటి మీదికి తోసుకున్న కళ్ళద్దాలను కిందికి దించుకుని, ఆ ఇద్దరి వైపు తిరిగాడు.